తెర మీద కుక్కను చూసిన చిలుకమ్మ

వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక టాకీసు ఆవరణలో చిలుకమ్మ పల్లీలు అమ్మేది. నేను ఆమెను మొదటిసారి పట్టించుకున్నది డెబ్బై నాలుగులో. అప్పుడు నేను చౌరస్తా దగ్గర కిషన్ రావు గారి ప్రెస్సులో కంపోజిటర్ని. ఆయన పెళ్లి పత్రికలు, కరపత్రాలు అచ్చువేస్తూ, దాంతోపాటు నాలుగు పేజీల వారపత్రిక ఒకటి నడిపేవారు. చివరి పేజీలో సినిమా సమీక్ష నా వంతు.

నా సమీక్షలు చదివినవాళ్లు ఎవరూ ఉండరనే అనుకుంటాను. "మాటలు పదునుగా ఉన్నాయి. సంగీతం వీనులవిందు. ఛాయాగ్రహణం కన్నులపండువ." ప్రతివారం ఇవే వాక్యాలు వరుస మార్చి రాసేవాణ్ణి. అక్షరాలు పేర్చేదీ నేనే కాబట్టి ఒక్కోసారి పోయిన వారం పేర్చిన వరుసలు విప్పకుండా అలాగే దాచుకునేవాణ్ణి. సినిమా పేరు, తారల పేర్లు మారిస్తే సరిపోయేది.

ఒక శుక్రవారం మార్నింగ్ షో నుంచి బయటికి వచ్చి చిలుకమ్మ దగ్గర పల్లీలు కొంటున్నాను. ధర్మసాగర్ నుంచి బస్సులో వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు మ్యాట్నీకి పోవాలా వద్దా అని ఊగిసలాడుతూ ఆమెను అడిగారు.

"ఏమక్కా, సినిమ చూడచ్చా?"

"చూడుండ్రి" అంది చిలుకమ్మ పొట్లం చుడుతూ. "కని అండ్ల దొర ఇంటి కుక్కున్నది. హీరో మీదికి ఉరుకుతాంది, హీరో గోడ దునుకుతాండు. ఆ కుక్క తోక జూడుండ్రి. ఊపుకుంట ఊపుకుంట మొరుగుతాంది. కరిచే కుక్క అట్ల ఊపుతదా? దానికి హీరో అంటే పాణం. ఆయిననే ఉత్తగ పరేషాన్ అయితాండు."

ఆ ఆడవాళ్లు నవ్వుకుంటూ టికెట్ల కిటికీ వైపు పోయారు. నేను నిలబడిపోయాను. అప్పుడే రెండున్నర గంటలు ఆ సినిమా చూసి వచ్చాను. కుక్క ఉందని గుర్తుంది గానీ దాని తోక గుర్తులేదు.

ప్రెస్సుకు వచ్చి ఈ మాట చెబితే కిషన్ రావు గారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. నవ్వు ఆగాక అన్నారు: "మూర్తీ, నీ వీనులవిందు ఇంక చాలు. ప్రతి గురువారం పోయి ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకొని రా."

అలా మొదలైంది "చిలుకమ్మ చూసిన సినిమా".

చిలుకమ్మకు అప్పుడు నలభై ఏళ్లు ఉండవచ్చు. పరకాల దగ్గరి పల్లెలో కురుమల ఇంటి బిడ్డ. తండ్రికి గొర్ల మంద ఉండేది. మంద వెంట మూడు కుక్కలుండేవి. పెళ్లయ్యేదాకా ఆమె తండ్రి వెంట, ఆ కుక్కల వెంట తిరిగింది. ఎండాకాలం మందను ఏటూరునాగారం అడవి అంచుల దాకా తోలుకుపోయేవాళ్లట. అక్కడ తోడేలు వాసన తగిలితే మొదట లేచేది కుక్క చెవే కాబట్టి, ఇంటిల్లిపాదీ కుక్క చెవుల్ని చూసి బతికేవాళ్లు. "మా అయ్య మా మొకాలు సూడకపోయేది తమ్మీ, కుక్కల మొకాలే సూసేటోడు" అని నవ్వేది.

భర్త కట్టయ్య ఆ టాకీసులోనే గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. మాట తక్కువ మనిషి. ఆయన నౌకరి వల్ల చిలుకమ్మకు పల్లీల గంపతో లోపలికి పోయే వీలు దొరికింది. ఇంటర్వెల్లో అమ్మకం అయిపోగానే నేల టికెట్టు జనం వెనక, పక్క తలుపు దగ్గర గోడకు ఆనుకొని కూర్చునేది. వచ్చిన ప్రతి సినిమానూ ఐదారుసార్లకు తక్కువ చూడలేదు. మొదటిరోజు కథ చూసేది. రెండో రోజు నుంచి కుక్కను చూసేది.

మొదటి సమీక్ష నేను చెడగొట్టాను. ఆమె మాటల్ని నాకు తెలిసిన గ్రాంథికంలోకి దించి "శునకము యొక్క అభినయము సహజముగా నున్నది" అని పేర్చాను. పత్రిక వచ్చాక తీసుకుపోయి చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. చివరిదాకా శ్రద్ధగా విని అడిగింది:

"గీ శునకం ఎవలు తమ్మీ?"

"కుక్కే అక్కా."

"మరి నేను కుక్క అంటి గదా. నువ్వు దానికి పేరెందుకు మార్చినవ్?"

అప్పటినుంచి ఆమె మాట ఆమె మాటగానే అచ్చయింది. చదివేవాళ్లు పెరిగారు. దవాఖానలో, హోటళ్లలో, కొత్తవాడ మగ్గాల మధ్య కూడా ఎవరో ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వినేవాళ్లని కిషన్ రావు గారు సంబరపడేవారు.

ఆమె చెప్పినవాటిలో కొన్ని నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఒక సినిమాలో హీరోయిన్ దుఃఖంతో కుక్కను కౌగిలించుకొని పాట పాడుతుంది. చిలుకమ్మ అంది: "ఆ పిల్ల ఏడుస్తాంది, కుక్కేమో పక్కకు సూస్తాంది. ఆడ ఎవడో నిలబడి బిస్కీటు సూపిస్తాండు. కుక్క కండ్లు యాడున్నయో సూస్తె దానికి అన్నం పెట్టేటోడు యాడున్నడో తెలుస్తది." ఇంకో సినిమాలో పేదవాడైన హీరో గుడిసెలో ఉంటాడు, జమీందారు బంగళాలో నాలుగు కుక్కలుంటాయి. దానికి ఆమె తీర్పు: "గరీబోని ఇంటి ముంగట కుక్క లేకపాయె. మా వాడల ఇంటికి రెండున్నయి. గీ సినిమ తీసినోడు గరీబోని వాడ సూడలే." ఈ మాట అచ్చయిన వారం ఒక కాలేజీ లెక్చరరు గారు ప్రెస్సుకు వచ్చి, ఈ చిలుకమ్మ పేరుతో రాసేది ఎవరని నన్ను గుచ్చి గుచ్చి అడిగారు. పల్లీలు అమ్మే ఆమే చెబుతుందంటే నమ్మలేదు.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఒక పెద్ద సినిమా వచ్చింది. అందులో కుక్కే హీరో. గోధుమరంగు అల్సేషియన్. చివర్లో విలన్లు గుడిసెకు నిప్పుపెడతారు. కుక్క మంటల్లోకి దూకి పసిబిడ్డను ఊయల గుడ్డతో సహా బయటికి లాక్కొస్తుంది. తల్లి కాళ్ల దగ్గర బిడ్డను వదిలి అక్కడే కూలిపోయి ప్రాణం విడుస్తుంది. హాలంతా వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పరకాల నుంచి, జనగామ నుంచి జనం లారీల్లో వచ్చి చూశారు.

మొదటి వారం చిలుకమ్మ సమీక్ష చెప్పలేదు. "ఇంకోపారి సూడాలె" అంది. రెండో వారం నన్ను మ్యాట్నీకి పిలిచి తన పక్కన నేల మీద కూర్చోబెట్టుకుంది. నిప్పు సీను రాగానే నా మోచెయ్యి పట్టుకుంది.

"ముందలి కుడికాలు సూడు. లోపలికి పోయేటప్పుడు మంచిగ పెడుతాంది. సూసినవా? ఇగ బయటికి వస్తాంది. ఇప్పుడు సూడు."

చూశాను. కుక్క మూడు కాళ్ల మీద వస్తోంది. కుడికాలు నేలకు ఆనడం లేదు.

"అట్ల నేర్పించి ఉంటారక్కా" అన్నాను మెల్లగా.

"మూతి సూడు. ఊకూకె నాక్కుంటాంది. అది ఆకలి గాదు. దెబ్బ తాకిన కుక్క అట్ల చేస్తది. పడ్డంక కడుపు సూడు, ఎట్ల కొట్టుకుంటాందో. పాణం పోయినట్టు పండుమని నేర్పిన కుక్క నిమ్మళంగ పంటది తమ్మీ. ఇది నిజంగ పడ్డది."

చుట్టూ జనం ముక్కులు చీదుతున్నారు. చిలుకమ్మ ఏడవడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని తెర వైపు చూస్తూ కూర్చుంది.

ఆ గురువారం ఆమె చెప్పింది నాలుగే మాటలు. "సినిమ మంచిగ తీసిండ్రు. అందరు ఏడుస్తాండ్రు. అగ్గిల కెల్లి వచ్చినప్పుడు ఆ కుక్కకు నిజంగ దెబ్బ తాకింది, నేను సూసిన. ఆ కుక్క ఏమైందో చెప్పేదాక ఈ సినిమ సూడుమని నేను ఒకల్లకు చెప్ప."

కిషన్ రావు గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆ టాకీసు ప్రకటన ప్రతి వారం మా పత్రికలోనే వచ్చేది. చివరికి "పేర్చు" అన్నారు. శీర్షిక కూడా ఆయనే పెట్టారు: "ఆ కుక్క ఏమైంది?"

సోమవారం టాకీసు మేనేజరు రాజేశ్వర్ రావు పత్రిక చేతిలో పట్టుకొని ఆవరణలోకి వచ్చాడు. స్వతహాగా చెడ్డవాడు కాదు. కానీ ఆ సినిమా ఆయనకు ఆ ఏడాదంతటికీ పెద్ద పండుగ.

"చిలుకమ్మా, నా టాకీసుల కూసోని నా సినిమనే సూడద్దంటవా?"

"సూడద్దనలే సారూ. కుక్క ఏమైందో చెప్పుమన్న."

"రేపటి సంది నీ గంప గేటు లోపలికి రావద్దు."

కట్టయ్య అక్కడే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.  చిలుకమ్మ గంప ఎత్తుకొని బయటికి నడిచి, రోడ్డు అవతల సైకిల్ రిపేరు దుకాణం పక్కన పెట్టుకుంది. సాయంత్రం నేను అక్కడికి పోయేసరికి భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"నా నౌకరి పోతే ఎట్లనే?" అంటున్నాడు కట్టయ్య.

"నీ నౌకరి నీది, నా నోరు నాది. నువ్వు ఫికర్ చెయ్యకు. నువ్వు నాకు తెల్వదని చెప్పు."

"పాతికేండ్ల సంది ఒక్క ఇంట్ల ఉంటానం. తెల్వదంటే ఎవలు నమ్ముతరు?"

ఆ మాటకు చిలుకమ్మ నవ్వింది. కట్టయ్యకు కూడా నవ్వాగలేదు.

తరువాత జరిగింది మేమెవరం అనుకోనిది. నిప్పు సీను రాగానే నేల టికెట్టు వైపు నుంచి ఎవరో "కుక్క ఏమైందిరా?" అని అరిచారు. మరుసటి ఆటకు పదిమంది అరిచారు. వారం తిరిగేసరికి అది అలవాటయింది. టికెట్ల కిటికీ దగ్గర ఆడవాళ్లు కూడా "కుక్క మంచిగున్నదా సారూ?" అని అడిగి మరీ టికెట్టు తీసుకునేవాళ్లు. సినిమా మాత్రం హౌస్‌ఫుల్‌గానే నడిచింది. కానీ రాజేశ్వర్ రావుకు ఆ అరుపులు పంటికింద రాయిలా ఉండేవి. ఆయన సినిమా కంపెనీకి ఉత్తరం రాశాడు. యాభయ్యో రోజు పండుగకు ఆ కుక్కనే వరంగల్ తీసుకువస్తామని వాళ్లు జవాబిచ్చారు.

ఆ రోజు పొద్దున టాకీసు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. మద్రాసు నుంచి వచ్చిన వ్యానులో నుంచి గోధుమరంగు అల్సేషియన్ దిగింది. దాన్ని గొలుసుతో పట్టుకున్న మనిషి పేరు గుండయ్య. నెల్లూరు వైపు వాడు, సినిమాలకు కుక్కల్ని తయారుచేయడం ఆయన పని. ఆవరణలో చిన్న వేదిక కట్టారు. కుక్క మెడలో బంతిపూల దండ వేశారు. రాజేశ్వర్ రావు మైకులో చిలుకమ్మను పిలిచాడు.

"చిలుకమ్మా, దా. ఆ కుక్క ఏమైందని అడిగినవు గదా. ఇగో, నీ కండ్లతోని సూసుకో."

జనం దారి ఇచ్చారు. చిలుకమ్మ వేదిక ఎక్కి కుక్క ముందు గొంతుక్కూర్చుంది. కుక్క ఆమె చేతిని వాసన చూసింది. ఆమె దాని తల నిమిరింది. ఎడమ చెవిని వేళ్ల మధ్య పట్టుకొని కొస దాకా తడిమింది. తరువాత ముందరి కుడికాలు చేతిలోకి తీసుకొని పై నుంచి కింది దాకా నొక్కి చూసింది. అప్పుడు తలెత్తి గుండయ్య వైపు చూసింది. నేను వేదిక కిందే ఉన్నాను. గుండయ్య గొలుసును చేతికి ఇంకో చుట్టు చుట్టుకొని తల దించుకోవడం నాకు కనిపించింది.

"ఏమంటవు?" అన్నాడు రాజేశ్వర్ రావు, మైకు ఆమె నోటి దగ్గర పెట్టి.

చిలుకమ్మ కుక్క కాలు మెల్లగా కింద పెట్టింది. "మంచి కుక్క. మంచిగ సాదిండ్రు" అంది.

చప్పట్లు, ఈలలు. రాజేశ్వర్ రావు సంతోషపడి, రేపటి నుంచి గంప లోపలికి తెచ్చుకోవచ్చని అక్కడే అందరి ముందు చెప్పాడు.

ఆమె దిగి రాగానే నేను అడిగాను. "అదేనా అక్కా?"

"కాదు. అగ్గి సీనుల దాని చెవికి గాటున్నది. దీనికి లేదు."

"మరి చెప్పవేం?"

"ఆయిన మొకం సూసినవా నువ్వు?" అని మాత్రం అంది.

మ్యాట్నీ మొదలై ఆవరణ ఖాళీ అయ్యాక, వ్యాను నీడలో గుండయ్య కుక్కకు గిన్నెలో నీళ్లు పెడుతున్నాడు. చిలుకమ్మ ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె విరిచి కుక్క ముందు పెట్టి, ఆయన పక్కన నేల మీద కూర్చుంది. ఆయన ఏమీ అడగకముందే అంది:

"నేను ఎవలకు చెప్పలే అన్నా. నాకు చెప్పు. అది బతికున్నదా?"

గుండయ్య అటూ ఇటూ చూశాడు. నన్ను చూసి సందేహించాడు. "మా తమ్ముడే" అంది చిలుకమ్మ.

"ఉందమ్మా" అన్నాడాయన. "దీని తల్లి అది. నిప్పు సీను దానితోనే తీశారు. ఇది ఇంకా చిన్నది, మంటంటే బెదురుతుంది. రెండుసార్లు బాగానే వచ్చింది. మళ్లీ ఒకసారి అన్నారు. మూడోసారి పైనుంచి దూలం కాలి మీద పడింది. అయినా బిడ్డబొమ్మను వదల్లేదమ్మా, బయటికి తెచ్చింది. నేను పిలుస్తున్నాను కదా, నా దగ్గరికే వచ్చింది."

 కుక్క రొట్టె తినడం ఆపి ఆయన మోకాలి మీద తల పెట్టింది.

"కాలు తీసేశారు. మా ఇంట్లోనే ఉంది, మూడు కాళ్లతో తిరుగుతుంది. సినిమాలో మాత్రం దాని పేరు లేదు. ఈ సంగతి బయటికొస్తే నాకు ఇంకెవరూ పని ఇవ్వరు. ఇంట్లో ఐదు కుక్కలున్నాయి. మీరు చెవి పట్టుకోగానే నాకు తెలిసిపోయింది, మీకు తెలిసిందని."

"మల్ల ఒకపారి అన్నప్పుడు వద్దనద్దా అన్నా?" అంది చిలుకమ్మ. కోపంగా అనలేదు.

గుండయ్య కుక్క తల నిమురుతూ "అనాల్సిందమ్మా" అన్నాడు.

నేను ఆ సాయంత్రమే కిషన్ రావు గారికి అంతా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు. ఇది మొదటి పేజీ వార్త అన్నారు. నేనూ అదే అన్నాను. ఇద్దరం కలిసి చిలుకమ్మ ఇంటికి పోయాం. ఆమె పల్లీలు చెరుగుతోంది. మా మాటలు పూర్తిగా విని చాట పక్కన పెట్టింది.

"సారూ, నేను కుక్క ఏమైందని అడిగిన. నాకు జవాబు దొరికింది. గది ఆయిన నన్ను నమ్మి చెప్పిన మాట. అచ్చు గొడితె సినిమ తీసినోనికి ఏం గాదు. ఆయినకు నౌకరి పోతది, ఐదు కుక్కలు ఉపాసముంటయి. గది మీకు మంచిగనిపిస్తదా?"

"రేపు ఇంకో కుక్కను ఇట్లనే చేస్తే?" అన్నారు కిషన్ రావు గారు.

చిలుకమ్మ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.  ఆమె చేసింది తప్పని ఆ రోజు అనుకున్నాను. కొన్నేళ్లకు ఒప్పు అనిపించింది. ఈ మధ్య మళ్లీ సందేహం వస్తోంది.

చివరికి ఆమె ఆ వారానికి చెప్పింది ఇది: "ఆ కుక్క బతికున్నది, ఎవలు పరేషాన్ గావద్దు. కని అగ్గి సీను రాంగనే నేను లేచి బయట నిలబడుత. నొప్పిని ఆట లెక్క సూసుడు నాతోని గాదు."

అన్నట్టే చేసింది. నిప్పు సీను మొదలుకాగానే గంప తీసుకొని వరండాలోకి వచ్చి, అది అయిపోయాక లోపలికి పోయేది. మొదట ఒక్కతే. తరువాత నేల టికెట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు ఆమె వెంట లేచి వచ్చేవాళ్లు. ఒక ఆదివారం నేను లెక్కపెడితే ఇరవై ఇద్దరున్నారు. పిల్లల్ని చంకనేసుకొని వరండాలో నిలబడి, లోపలి చప్పుడు ఆగేదాకా పల్లీలు తింటూ ఊళ్ల సంగతులు మాట్లాడుకుంటున్నారు. కట్టయ్య వాళ్ల కోసం పక్క తలుపు తెరిచి పట్టుకున్నాడు. రాజేశ్వర్ రావు చూసీ చూడనట్టు పోయేవాడు. సినిమా వంద రోజులు ఆడింది.

గుండయ్య అప్పుడప్పుడు ప్రెస్సు చిరునామాకు కార్డు రాసేవాడు. నేను తీసుకుపోయి చదివేవాణ్ణి. తల్లికుక్క మూడు కాళ్లతో మెట్లు ఎక్కుతోందని ఒకదాంట్లో రాశాడు. ఇంకోదాంట్లో, "మళ్లీ ఒకసారి" అన్నప్పుడు మొదటిసారి వద్దన్నానని, ఆ సినిమాలో పని పోయిందని, అయినా బతుకుతున్నామని రాశాడు. ఆ కార్డును చిలుకమ్మ నాచేత మూడుసార్లు చదివించుకుంది. ఎనభై రెండులో తల్లికుక్క నిద్రలోనే పోయిందని కార్డు వచ్చింది. ఆ వారం ఆమె సినిమా గురించి ఏమీ చెప్పలేదు. ఆ జాగా ఖాళీగా ఉంచలేక కిషన్ రావు గారు అక్కడ రైళ్ల సమయాలు వేశారు.

ఎనభై నాలుగులో కోటలో ఒక షూటింగు జరిగింది. చూద్దామని జనంతో పాటు చిలుకమ్మ, నేను పోయాం. రాతి తోరణం కింద నుంచి రాజు, వెనుక ఒక వేటకుక్క నడిచి రావాలి. కుక్క పదే పదే నీడలోకి లాగుతోంది. షూటింగు వాళ్లు దాన్ని తిడుతున్నారు. చిలుకమ్మ జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటుకొని పోయి, టోపీ పెట్టుకున్న ఒక కుర్ర అసిస్టెంటుతో అంది:

"బిడ్డా, దాని నాలుక సూడు. బండలు కాలుతానయి. జరన్ని నీళ్లు పెట్టుండ్రి, అదే నడుస్తది."

ఆ కుర్రవాడు విసుక్కోబోయి, ఎందుకో ఆగి, వంగి బండ మీద తన అరచెయ్యి పెట్టి చూశాడు. వెంటనే తీసేశాడు. నీళ్లు తెప్పించాడు. బండల మీద కూడా రెండు బిందెలు పోయించాడు. పావుగంట అందరూ ఆగారు, రాజు వేషంలో ఉన్నాయనతో సహా. తరువాత కుక్క ఒక్కసారికే తోరణం దాటి నడిచింది.

ఆ సినిమా మరుసటి ఏడు వచ్చింది. ఆ కుక్క తెర మీద ఉన్నది ఊపిరి పీల్చి వదిలేంతసేపే. చిలుకమ్మ పదకొండుసార్లు చూసింది. సమీక్షలో చెప్పింది: "రాజు నడక నాకు యాదికి లేదు. కుక్క మాత్రం మస్తు నడిచింది."

ఎనభై ఏడులో కళ్లు మసకబారడంతో కిషన్ రావు గారు పత్రిక ఆపేశారు. ఆ మాట చెప్పడానికి పోయినప్పుడు ఆమె బాధపడుతుందనుకున్నాను. పొట్లం చుట్టి నా చేతికిస్తూ అంది:

"కానియ్ తమ్మీ. ఇన్నేండ్లు కుక్కల్నే సూసుకుంట కూసున్న. ఇగ మనుషులు ఏం చేస్తాండ్రో కూడ జర సూస్త."